బలం ఎక్కడిది? – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

పరీక్షల నెల వచ్చిందంటే మన హాస్టల్ గదుల్లో పుస్తకాల పక్కన బి-కాంప్లెక్స్ మాత్రల అట్ట ఒకటి తప్పకుండా కనబడుతుంది. సెలవులకు ఇంటికి వెళ్తే, ఏళ్ల తరబడి షుగరుతోనో కీళ్లవాతంతోనో బాధపడే నాయనమ్మ మంచం పక్కన టానిక్ సీసా కనబడుతుంది. నీరసంగా ఉందని మందుల షాపు మెట్లెక్కితే చాలు, నీరసం ఎందుకొచ్చిందో అడిగేవాళ్లుండరు, బలం మాత్రలు మాత్రం చేతిలో పడతాయి. విటమిన్ అంటే బలం, బలమంటే విటమిన్ అనే నమ్మకం మన ఇళ్లలో అంతగా పాతుకుపోయింది.

ఈ నమ్మకంలో నిజమెంతో తెలుసుకోవాలంటే పెద్ద పెద్ద వైద్య గ్రంథాలు తిరగెయ్యనక్కర్లేదు. భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడి జీవితం తెలుసుకుంటే చాలు. కండరంలో శక్తి ఏ రూపంలో ఉంటుందో లోకానికి మొదట చెప్పిన కొద్దిమందిలో ఆయనొకరు. ఒక విటమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేయించి, మంచాన పడ్డ రోగుల్ని లేపి కూర్చోబెట్టిన బృందానికి ఆయనే నాయకుడు. అదే విటమిన్ ఇంకో జబ్బులో కీడు చేస్తుందని తెలిసిన రోజున, దానికి విరోధి పదార్థాన్ని తయారు చేయించి ఇచ్చినవారూ ఆయనే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

బాల్యం, చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. తండ్రికి ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందుగానే మానుకోవలసి రావడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. జబ్బంటే ఏమిటో, జబ్బువల్ల ఒక సంసారం ఎలా కుంగిపోతుందో ఆ కుర్రవాడు పుస్తకాల్లో చదవకముందే ఇంట్లో చూశాడు.

చదువులో ఆయన మొదట్లో మెరిసిన విద్యార్థి కాదు. పదమూడేళ్ల వయసులో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివి, చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారికి మెట్రిక్ గట్టెక్కాడు. ఫెయిలయ్యామని దిగులుపడే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి!

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నాడు. తల్లి అనుమతి తెమ్మన్నారు వాళ్లు. వెంకమ్మగారు ససేమిరా ఒప్పుకోలేదు. లోకసేవ చెయ్యాలంటే వైద్యం చదువుకోమని మఠంవాళ్లే సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఖర్చులకు స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సాయపడ్డారు. ఆ మూర్తిగారి అమ్మాయి శేషగిరినే 1919లో పెళ్లి చేసుకున్నారు.

అప్పుడు దేశంలో గాంధీగారి పిలుపు మారుమోగుతోంది. సుబ్బారావు ఖద్దరు గౌను తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లారు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. తక్కిన పరీక్షలు బాగా రాసినా, చివరికి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమూ రాలేదు. గౌను ఖరీదు అంతయింది!

ఇంట్లోకి వచ్చిన జబ్బు

ఈలోగా ఆ కుటుంబం మీద పిడుగు పడింది. ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోయారు. ఈ స్ప్రూ ఉష్ణదేశాల జబ్బు. ఆయుర్వేదంలో గ్రహణి అని చెప్పే వ్యాధుల కోవలోది. చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని, తిన్న తిండి ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పుండై అన్నం ముద్ద నోట పెట్టుకోలేరు. రక్తం పలచబడుతుంది. మనిషి పుల్లలా అయిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడతాడు. పళ్లెంలో తిండి ఉంటుంది, ఒంట్లో బలం ఉండదు. అదే ఈ జబ్బులో అన్నిటికన్నా విషాదం.

అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. అల్లోపతి వైద్యుల చేతిలో అప్పటికి దానికి సరైన మందు లేదు. ఆయనకు నయం చేసింది ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు శరీరశాస్త్రం అధ్యాపకుడిగా చేరారు. తాను బతికాడు, అన్నదమ్ములు బతకలేదు. ఆ మందులో ఏ పదార్థం పనిచేసింది, పోయినవాళ్ల ఒంట్లో లోపించిందేమిటి అనే ప్రశ్న ఆ తర్వాత ఆయన పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తలెత్తింది.

బోస్టన్‌లో

మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం ఆధారంగా, 1920ల తొలి సంవత్సరాల్లో ఆయన అమెరికాలోని బోస్టన్‌కు ఓడెక్కారు. నిండుచూలాలైన భార్యను విడిచి వెళ్లారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. మళ్లీ వస్తానని వెళ్లిన మనిషి ఇక తిరిగి రాలేదు. ఆయన కీర్తి గురించి రాసేటప్పుడు శేషగిరమ్మగారి నిరీక్షణను కూడా ఒక వాక్యంలోనైనా తలుచుకోవాలి.

హార్వర్డ్‌లో ఉష్ణదేశ వ్యాధుల చదువుకు చేరారు గాని చేతిలో డబ్బు లేదు. భారతదేశపు పట్టాతో అక్కడ వైద్యం చెయ్యడానికి వీల్లేదు. అందుకని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా కుదిరి, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు చదువు, రాత్రి చాకిరీ.

చదువు ముగిశాక జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి, రక్తంలోను కణజాలంలోను భాస్వరం ఎంతుందో రంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ఎన్నో తరాల విద్యార్థులు దాన్ని ప్రాక్టికల్స్‌లో చేశారు. మన జీవరసాయన లాబ్‌లో నీలిరంగు పరీక్షనాళికలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు ఈ పేరు కొత్త కాదు.

శక్తి ఏ రూపంలో ఉంటుంది?

ఆ కొలత చేతికి రావడంతో పెద్ద తలుపు తెరుచుకుంది. కండరంలో భాస్వరం కొలుస్తుంటే లెక్క కుదరడంలేదు. రంగు క్రమంగా పెరుగుతోంది. అంటే, తేలిగ్గా విడిపోయే భాస్వర పదార్థం ఏదో లోపల ఉందన్నమాట. పట్టు వదలకుండా వెతికి, 1927లో అది ఫాస్ఫోక్రియాటిన్ అని తేల్చారు. కండరం పనిచేస్తే అది తరిగిపోతోంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పేరుకుంటోంది. 1929లో అంతకంటే ముఖ్యమైన పదార్థాన్ని వేరుచేశారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, మనం క్లాసులో ఎ.టి.పి. అని వల్లించేది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీన్ని కనుక్కున్నాడు.

దీని గొప్పతనం తెలియాలంటే అంతకుముందు ఏమనుకునేవారో తెలియాలి. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటి సిద్ధాంతం. ఆ దారిలో చేసిన కృషికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. భాస్వర పదార్థాలు బయటపడ్డాక ఆ సిద్ధాంతం నిలవలేదు.

రైతు ఇంటి ఉపమానంతో చెప్పుకుందాం. గాదెలో ధాన్యం ఉంటుంది. కాని ధాన్యం పట్టుకెళ్లి బస్సు టిక్కెట్టు కొనలేం. దాన్ని అమ్మి చేతిలో చిల్లర చేసుకోవాలి. అన్నం, నూనె, పప్పు గాదెలోని ధాన్యం లాంటివి. ఎ.టి.పి. చేతిలోని చిల్లర. ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి పక్కన ముడివేసుకున్న డబ్బు. ఒంట్లో ఏ క్షణంలో చూసినా ఎ.టి.పి. కొన్ని పదుల గ్రాములకు మించి ఉండదు. ఖర్చవుతూ, మళ్లీ తయారవుతూ, ఒక రోజు లెక్క మొత్తం వేస్తే దాదాపు మనిషి బరువంత అవుతుంది.

మరి విటమిన్ల సంగతేమిటి? అవి ధాన్యమూ కావు, చిల్లరా కావు. ధాన్యాన్ని చిల్లరగా మార్చే పనివాళ్ల చేతిలో పనిముట్లు. నయాసిన్, పాంటోథెనిక్ ఆమ్లం వంటి బి విటమిన్లు లేకపోతే ఆ మార్పిడి కుంటుపడుతుంది. హార్వర్డ్‌లో ఉండగా సుబ్బారావు ఈ విటమిన్ల మీద కూడా పనిచేశారు. పది కొడవళ్లు చాలే పొలానికి వంద కొడవళ్లు తెచ్చి పడేస్తే పంట పెరగదు. కొడవలే లేని పొలానికి ఒక్కటి తెచ్చిచ్చినా కోత సాగుతుంది. విటమిన్ మాత్రలో ఉన్న మర్మమంతా ఇదే.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడక, తర్వాతివాళ్లు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని, ఆనాటి సహచరుడు, 1988లో నోబెల్ అందుకున్న జార్జి హిచింగ్స్ తర్వాతి రోజుల్లో చెప్పారు. 1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

ఆకులోని విటమిన్

ఆ రోజుల్లో రక్తహీనత జబ్బులకు కాలేయం పెద్ద మందు. పెర్నిషస్ ఎనీమియా అనే ప్రాణాంతకమైన జబ్బుకు రోజూ పావుకిలో దాకా కాలేయం తినిపిస్తే రోగి కోలుకుంటాడని 1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ చూపించారు. ఇటు మన బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు, గర్భవతులైన మిల్లు కార్మిక స్త్రీలలో కనిపించే రక్తహీనత ఈస్టుతో చేసిన మార్మైట్ తినిపిస్తే తగ్గుతుందని 1931లో ప్రకటించింది. కాలేయంలో, ఈస్టులో, ఆకుకూరల్లో ఏదో ఉంది. 1941లో అమెరికాలో పాలకూర జాతి ఆకుల్ని టన్నులకొద్దీ నలిపి ఒక పదార్థాన్ని తీసి, లాటిన్‌లో ఆకు అనే మాటనుంచి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కాని ఆకులు నలిపి ఎంతమందికి మందివ్వగలం?

లెడర్లీలో సుబ్బారావు బృందం దాని నిర్మాణాన్ని ఛేదించి, 1945లో రసాయనాలతోనే తయారుచేసింది. ఆ వ్యాసం మీద పదహారుమంది పేర్లున్నాయి. అధిపతి అయిన సుబ్బారావు పేరు వరుసలో నడుమ ఎక్కడో ఉంటుంది. వెంటనే టామ్ స్పైస్ మొదలైన వైద్యులు క్యూబా, ప్యూర్టోరికోల్లో స్ప్రూ రోగులకు దాన్ని ఇచ్చి చూశారు. కొద్ది రోజుల్లోనే రక్తంలో కొత్త కణాలు పుట్టుకొచ్చాయి. నాలుక పుండ్లు మానాయి. ఆకలి పుట్టింది. మంచం దిగలేని మనుషులు లేచి తిరిగారు. పాతికేళ్ల కిందట ఆయన ఇంట్లో ఇద్దర్ని బలి తీసుకున్న జబ్బుకు ఆయన ప్రయోగశాల నుంచే మందు వచ్చింది.

విటమిన్ మాత్రతో బలం వస్తుందనడానికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఉండదు. కాని కథ ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు.

రెండు హెచ్చరికలు

మొదటిది పెర్నిషస్ ఎనీమియాలో ఎదురైంది. ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ రోగుల రక్తం కూడా మెరుగుపడింది. మొహంలో కళ వచ్చింది, నీరసం తగ్గింది. జబ్బు తగ్గిందనే అనుకున్నారు. కాని కొన్నాళ్లకు కాళ్లు తిమ్మిర్లెక్కడం, నడక తడబడటం కనబడ్డాయి. రక్తం బాగుపడుతున్నా లోపల నరాలు, వెన్నుపాము చెడిపోతూనే ఉన్నాయి. ఎందుకంటే ఆ రోగులకు అసలు లోపించింది ఫోలిక్ ఆమ్లం కాదు, వేరే విటమిన్. 1948లో దాన్ని అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో పరిశోధకులు వేరుచేశారు. అదే బి-12. కాలేయంలోని ఆ పదార్థం కోసం సుబ్బారావు ఏళ్ల తరబడి వెతికారు గాని, ఆ పందెంలో గెలుపు ఇతరులదయింది.

రెండోది ఇంకా బాధాకరం. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు, ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్‌తో కన్నుమూస్తున్న పిల్లల్ని చూస్తున్నాడు. రక్తాన్ని పెంచే విటమిన్ కదా అని, లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందుల్ని వాళ్లకు ఇచ్చాడు. జబ్బు తగ్గకపోగా మరింత వేగం పుంజుకోవడం గమనించాడు. విటమిన్‌కు మంచి కణం, చెడ్డ కణం అనే తేడా తెలియదు. పెరిగే ప్రతి కణానికీ అది మేతే. చేనుకు వేసిన ఎరువు కలుపుకూ అందుతుంది కదా!

ఇంకొకరైతే ఆ సంగతిని మూసిపెట్టేవారేమో. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచితే, దాన్ని అడ్డుకునే పదార్థం జబ్బును తగ్గించాలి కదా అనే ఆలోచన పుట్టింది. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం రూపంలోనే ఉండి దాని పనిని సాగనివ్వని పదార్థాల్ని తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ పనిచేసింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో, మందు తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. తాత్కాలికమే. కాని అంతవరకు ఆ జబ్బులో అలాంటి మెరుగుదలను మందుతో ఎవరూ సాధించలేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వైద్యుల చేతిలో ఉంది.

ముగింపు

సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ఇంకా రెండు మందులిచ్చింది. ఒకటి 1947 నాటి డైఇథైల్ కార్బమజీన్, అంటే గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటా పంచిన మాత్ర. రెండోది బెంజమిన్ డగ్గర్ కనుక్కున్న ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది. నేడు స్ప్రూ రోగికి వైద్యులు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి నెలల తరబడి ఇస్తారు. అవసరమైతే బి-12 కూడా ఇస్తారు. మొదటి రెండు మందుల మూలాలూ ఆ ఒక్క ప్రయోగశాలలోనే ఉన్నాయి.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. నోబెల్ రాలేదు, సొంత ఊరు మళ్లీ చూడలేదు. 1995లో శతజయంతికి మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

మిత్రులారా, ఆయన జీవితం మనకు నేర్పేది విటమిన్లు మానెయ్యమని కాదు. లోపం ఎక్కడుందో ముందు తెలుసుకోమని. గర్భవతికి ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తున్నారంటే దానికి కారణం ఉంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగరు రోగికి బి-12 తగ్గవచ్చు. శుద్ధ శాకాహారులకూ తగ్గవచ్చు. అలాంటివారికి నీరసం, కాళ్ల తిమ్మిర్లు వస్తే టానిక్ సీసా కాదు, రక్తపరీక్ష కావాలి. కీళ్లవాతానికి వారానికొకసారి మెథోట్రెక్సేట్ వేసుకునే నాయనమ్మకు డాక్టరుగారు ఫోలిక్ ఆమ్లం కూడా రాస్తారు. విషమూ విరుగుడూ లాంటి ఆ రెంటినీ ఏ రోజు ఏది వెయ్యాలో ఆయన చెప్పినట్టే వెయ్యాలి. వారానికొక్కసారి వెయ్యవలసిన మాత్ర పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఏ బలం మాత్రా ముట్టుకోకూడదు. బి-6 లాంటి మామూలు విటమిన్ కూడా పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే నరాలకు చేటు.

ఇక పరీక్షల నెలలో మన నీరసం సంగతి! దానికి మందు చాలామటుకు నిద్రలోను, మెస్సులో మనం పక్కకు నెట్టేసే తోటకూర పప్పులోను ఉంది. ఆకుకూరను మరీ ఉడికించి నీళ్లు పారబొయ్యకపోతే ఫోలిక్ ఆమ్లం అందులోనే ఉంటుంది. అయినా నీరసం వదలకపోతే మందుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఒంట్లో లోపించిందేమిటని జీవితమంతా వెతికిన మనిషికి ఆ మాత్రం గౌరవం మనం ఇవ్వగలం.